సెలవుల్లో చాక్లెట్ చేయండి... తెలుగులో చేయండి

పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల తరువాత బడి తెరిచిన రోజు ఐదో తరగతి పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాం. సెలవుల్లో ఇంట్లో చేసిన ఏదైనా తినుబండారం గురించి ఆరు వాక్యాలు రాయమన్నాం. ఇరవై నిమిషాల్లో నోటు పుస్తకాలన్నీ మా బల్ల మీదకు వచ్చాయి. ఒక పిల్లవాడు చాక్లెట్ గురించి రాశాడు.

"మమ్మీ షుగర్ బాయిల్ చేసింది. కోకో మిక్స్ చేసింది. బటర్ మెల్ట్ చేసింది. ప్లేట్‌లో పోర్ చేసింది. ఫ్రిజ్‌లో సెట్ చేసింది. మేము కట్ చేసి తిన్నాం."

అక్షర దోషం ఒక్కటీ లేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పడ్డాయి. మార్కులు తగ్గించడానికి ఎక్కడా చోటు లేదు. కానీ ఆ ఆరు వాక్యాల్లో తెలుగు క్రియలు వెతికితే చేయడం, తినడం తప్ప మూడోది దొరకలేదు. మరిగించడం, కలపడం, కరిగించడం, పోయడం, కోయడం ఇవేవీ లేవు. లిపి తెలుగే, పని చేసే మాటలు మాత్రం తెలుగు కావు.

తప్పు పిల్లవాడిది కాదు. తల్లిదీ కాదు. మేము తెలుగును పాఠంగా చెప్పాం, పనిగా చెప్పలేదు. పద్యం వచ్చు, ప్రశ్నకు జవాబు వచ్చు. పొయ్యి దగ్గర నిలబడి చెప్పుకునే మాటలు మాత్రం పాఠ్యపుస్తకంలో ఉండవు. అవి ఇంట్లోనే రావాలి. ఇంట్లో దక్కనీ, టీవీలో హిందీ, వీధిలో కన్నడ, ఫోనులో ఇంగ్లిషు వినపడుతుంటే ఆ మాటలకు చోటెక్కడ?

అందుకే ఈ వారం ఈ పేజీలో వ్యాకరణం జోలికి పోవడం లేదు. క్రిస్మస్ వస్తోంది, వెనకాలే సంక్రాంతి. ఇంట్లో సులువుగా చేసుకునే చాక్లెట్ గురించి చెబుతాం. ఒక్కటే షరతు: చేసేటప్పుడు మాటలు తెలుగులో నడవాలి.

మా పాకం ముదిరిన కథ

నోటు పుస్తకాలు చూశాక మేమే ముందు చేసి చూపిద్దామనుకున్నాం. ఒక శనివారం పాఠాలు అయిపోయాక బడి వంటగదిలో పిల్లలను కూర్చోబెట్టాం. ఫోనులో ఒక వీడియో చూసి పెట్టుకున్నాం. చక్కెర, నీళ్ళు పొయ్యి మీద పెట్టి సరిగ్గా ఐదు నిమిషాలు ఉడికించమని అందులో ఉంది. మేము గడియారం చూస్తూ నిలబడ్డాం. మా వంటగదిలోది పెద్ద బర్నరు. ఐదు నిమిషాలయ్యే సరికి పాకం దాటిపోయింది. పాలపొడి, కోకో వేసి కలిపితే ముద్ద కాలేదు, ఇసుకలా పొడిపొడిగా రాలింది. పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం కానీ ముఖాలు చిన్నబోయాయి.

మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన ఒక అవ్వ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. "గడియారం జూస్తున్నరు గని పాకం ఎవలు జూస్తున్నరు సారూ?" అంది. లోపలికి వచ్చి, గిన్నెలో రెండు చెంచాల వేడి పాలు పోయించి, సన్నని మంట మీద పెట్టి కలియబెట్టించింది. రాలిన పొడి మళ్ళీ దగ్గరకు వచ్చింది. తరువాత ఇంకో గిన్నెలో కొత్తగా పాకం పట్టి చూపించింది. చెంచాతో ఒక చుక్క తీసి, పళ్ళెం అంచున వేసి, కాస్త చల్లారాక బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కి తీసింది. రెండు వేళ్ళ మధ్య సన్నని దారం సాగింది. "ఇగ తీగొచ్చింది, దించుండ్రి" అంది.

ఆ అవ్వకు చదువు రాదు. కానీ ఆ రోజు మా పిల్లలు ఆమె దగ్గర నేర్చుకున్న మాటలు మేము ఏడాదిలో నేర్పలేదు. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం, పాకం పట్టడం, పాకం రావడం, పాకం తప్పడం.

బీదర్‌లో ఒకే తీగకు నాలుగు పేర్లు

ఆ రోజు మరో విషయం బయటపడింది. తీగ పాకాన్ని మీ ఇంటి పక్కవాళ్ళు ఏమంటారో అడిగి రమ్మని పిల్లలకు చెప్పాం. సోమవారం నాటికి జవాబులు వచ్చాయి. కన్నడ ఇంట్లో 'ఒందెళె పాక'. మరాఠీ ఇంట్లో 'ఏక్‌తారీ పాక్'. దక్కనీ మాట్లాడే ఇంట్లో 'ఏక్ తార్‌కీ చాష్నీ'. ఎళె అంటే నూలు పోగు, తార్ అంటే తీగ. నాలుగు భాషల వాళ్ళూ అదే చుక్కను అదే రెండు వేళ్ళ మధ్య పట్టి చూశారు, అదే దారం చూశారు, ఎవరి భాషలో వాళ్ళు పేరు పెట్టుకున్నారు.

మన ఊరి చరిత్రే అది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా విడదీసినప్పుడు అప్పటి బీదర్ జిల్లా కూడా మూడు వైపులకు పోయింది. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ నేటి మహారాష్ట్ర వైపు వెళ్ళాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీతలు గీశారు కానీ ఇళ్ళు కదలలేదు. తెలుగు ఇళ్ళు ఇక్కడే ఉండిపోయాయి. అదే ఏడాది రాజ్యాంగానికి ఏడో సవరణ ద్వారా 350-ఏ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది.

ఆ అధికరణం బడికి అండ. ఇంట్లో మాటకు మాత్రం అది అండ కాలేదు. ప్రతి జూన్‌లో ఒకటో తరగతి హాజరుపట్టీలో పేర్లు రాసుకునేటప్పుడు మా గుండెల్లో గుబులే. నిరుటి కంటే ఎన్ని తగ్గాయో లెక్కపెట్టుకుంటాం. చేర్చడానికి వచ్చిన తండ్రి "తెలుగు చదివితే ఏం లాభం?" అని అడిగితే మా దగ్గర పెద్ద జవాబులు చాలా ఉన్నాయి. కానీ ఇంట్లో అవ్వతో మనవడు మాట్లాడడానికి ఏ భాష మిగులుతుందన్న ప్రశ్న అన్నిటికంటే దగ్గరిది.

ఇక పొయ్యి వెలిగిద్దాం.

పాలపొడి చాక్లెట్

కావలసినవి: పాలపొడి 2 కప్పులు, కోకో పొడి ముప్పావు కప్పు (తీపి కలపనిది), చక్కెర 1 కప్పు, నీళ్ళు అర కప్పు, నెయ్యి లేదా ఉప్పు లేని వెన్న పావు కప్పు, వేయించి పొట్టు తీసిన పల్లీలు అర కప్పు, చిటికెడు ఉప్పు. అన్నిటినీ ఒకే కప్పుతో కొలవాలి.

తయారీ: ముందుగా పాలపొడి, కోకో పొడి కలిపి జల్లెడ పట్టాలి. ఈ పని పిల్లలది. జల్లించకపోతే ఉండలు కడుతుంది. లోతు తక్కువ ఉన్న పళ్ళేనికి నెయ్యి రాసి పక్కన పెట్టుకోవాలి. పాకం వచ్చాక వెతుక్కునే తీరిక ఉండదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో చక్కెర, నీళ్ళు పోసి సన్నని మంట మీద పెట్టాలి. చక్కెర పూర్తిగా కరిగే దాకా కలియబెట్టాలి. కరిగాక ఇక కలపకూడదు. మరుగుతున్న పాకాన్ని మాటిమాటికీ కెలికితే చక్కెర తిరిగి పలుకులు కడుతుంది. పెద్ద బుడగలు పోయి చిక్కని నురగ లాంటి బుడగలు వస్తున్నప్పుడు చుక్క తీసి చల్లార్చి వేళ్ళ మధ్య చూడాలి. ఒక తీగ సాగగానే పొయ్యి కట్టేయాలి.

దించిన పాకంలో నెయ్యి, ఉప్పు వేసి కలపాలి. తరువాత జల్లించిన పొడిని మూడు నాలుగు విడతలుగా వేస్తూ గంటెతో గట్టిగా కలపాలి. నునుపుగా, నిగనిగలాడుతూ గిన్నె అంచులు వదిలే ముద్ద అవుతుంది. పల్లీలు వేసి ఒకసారి తిప్పి, పళ్ళెంలో పోసి, నెయ్యి రాసిన చిన్న గిన్నె అడుగుతో చదును చేయాలి. అరగంట తరువాత, ఇంకా కాస్త మెత్తగా ఉన్నప్పుడే కత్తితో గాట్లు పెట్టుకోవాలి. రెండు మూడు గంటల్లో పేరుకుంటుంది. మూత బిగించిన డబ్బాలో వారం రోజులు నిలవ ఉంటుంది.

పాకం ముదిరి పొడిపొడిగా అయితే అవ్వ చెప్పిన మందే: రెండు చెంచాల వేడి పాలు, సన్నని మంట. పాకం లేతగా ఉండి పేరుకోకపోతే పారేయకండి. చిన్న ఉండలు చుట్టి కుడుక తురుములో పొర్లించండి. ఏ ఇంట్లోనూ ఎవరూ తప్పు పట్టరు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఇది దుకాణంలో దొరికే చాక్లెట్ కాదు. మన బర్ఫీకి, ఆ చాక్లెట్‌కు మధ్యలో ఉండే మిఠాయి. అందుకే దీనికి మన పాకం కావాలి, అందుకే దీన్ని చేయడానికి మన మాటలు సరిపోతాయి.

చిన్న పిల్లల కోసం, పాకం లేకుండా

ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలను పాకం దగ్గరకు రానీయకూడదు. మరిగే నీళ్ళ కంటే పాకం వేడి ఎక్కువ, పైగా చర్మానికి అంటుకుంటుంది. పొరపాటున పడితే వెంటనే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, నూనె లాంటివి రాయకూడదు.

వాళ్ళ కోసం ఇంకో పద్ధతి ఉంది. కిరాణా దుకాణాల్లో, బేకరీ సామాను అమ్మేచోట కాంపౌండ్ చాక్లెట్ పలకలు దొరుకుతాయి. పావు కిలో పలకను చిన్న ముక్కలుగా తరిగి పొడి గిన్నెలో వేయాలి. కింద గిన్నెలో కొన్ని నీళ్ళు మరిగించి, పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకుండా ఆ ఆవిరి మీద పెట్టాలి. ముక్కలు కరగడం మొదలవగానే పొయ్యి కట్టేసి నెమ్మదిగా కలపాలి. వేయించిన పల్లీలు అర కప్పు, తరిగిన ఖర్జూరం పావు కప్పు, కుడుక తురుము రెండు చెంచాలు వేసి, నెయ్యి రాసిన పళ్ళెం మీద చెంచాతో బిళ్ళలుగా పెట్టాలి. పెద్దలు కరిగిస్తే చాలు, కలపడం, బిళ్ళలు పెట్టడం పిల్లలు చేస్తారు.

ఒక్కటే జాగ్రత్త. గిన్నెలో గానీ చెంచాకు గానీ నీటి చుక్క ఉండకూడదు. కరిగిన చాక్లెట్‌లో ఒక్క చుక్క పడినా అందులోని చక్కెర, కోకో రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుని ముద్దగా బిగుసుకుపోతుంది.

ఏ పనికి ఏ మాట

ఇప్పుడు మా అసలు పాఠానికి వద్దాం. తెలుగులో వంటకు సంబంధించిన క్రియలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క వంట చాలు.

పాలు కాగుతాయి. నీళ్ళు మరుగుతాయి. బియ్యం ఉడుకుతుంది. పల్లీలు వేగుతాయి. వీటన్నిటికీ 'బాయిల్ చేసింది', 'ఫ్రై చేసింది' అని రెండు మాటలతో సరిపెడితే పిల్లవాడు మూడు తేడాలు పోగొట్టుకుంటాడు.

అలాగే గట్టిపడడం. నెయ్యి పేరుకుంటుంది. పాలు తోడుకుంటాయి. నీళ్ళు గడ్డకడతాయి. ఆరిన మట్టి బిగుసుకుంటుంది. 'సెట్ అయింది' అన్న ఒక్క మాట వీటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. మన చాక్లెట్ ఏమవుతుందని పిల్లలను అడిగాం. ఒకరు గడ్డకట్టిందన్నారు, ఒకరు పేరుకుందన్నారు. అందులో నెయ్యి ఉంది కాబట్టి పేరుకోవడమే సరైనదని వాళ్ళే వాదించుకుని తేల్చారు. ఆ పది నిమిషాల వాదన పూర్తిగా తెలుగులో జరిగింది.

సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు ఒక మాట. తెలుగులో చక్కెర నీళ్ళలో కరుగుతుంది, నెయ్యి వేడికి కరుగుతుంది. రెండింటికీ ఒకే మాట. కానీ జరిగేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది నీళ్ళలో కలిసి ద్రావణం కావడం, రెండోది వేడికి ఘనం ద్రవం కావడం, అంటే ద్రవీభవనం. "నీళ్ళు లేకుండా కరిగేది ఏది? నీళ్ళుంటేనే కరిగేది ఏది?" అని పొయ్యి దగ్గరే అడిగి చూడండి. పుస్తకంలోని పెద్ద మాట అప్పుడు గుర్తుంటుంది.

ఇంకొకటి. అవ్వ గంటె అంటుంది, పుస్తకంలో గరిటె ఉంటుంది. మనం చక్కెర అంటాం, కోస్తాలో పంచదార అంటారు. మన పల్లీలు పుస్తకంలో వేరుశనగలు, మన కుడుక అక్కడ ఎండు కొబ్బరి. ఇంటి మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు అని పిల్లలకు ఎప్పుడూ చెప్పకండి. రెండూ తెలుగే. మేము నోటు పుస్తకంలో గంటె అని రాస్తే ఎర్ర సిరా పెట్టం.

వేళ్ళకు తెలిసిన లెక్క

పాకం ఎందుకు ముదురుతుంది? నీళ్ళు ఆవిరైపోతున్న కొద్దీ చక్కెర పాలు పెరుగుతుంది, దానితో మరిగే వేడి కూడా పెరుగుతుంది. తీగ పాకం దాదాపు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ అయ్యే పాకం 115 డిగ్రీల చుట్టుపక్కల. పళ్ళెం మీద కొడితే టంగుమనే ముదురు పాకం, అంటే మన పల్లీపట్టి పాకం, 145 డిగ్రీలు దాటాక. ఈ అంకెలు సముద్ర మట్టం దగ్గర లెక్క.

మన బీదర్ సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే గాలి పీడనం తగ్గుతుంది, నీళ్ళు త్వరగా మరుగుతాయి. ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీల దాకా పోవు, దాదాపు 98 దగ్గరే మరుగుతాయి. పాకం అంకెలు కూడా ఆ మేరకు రెండు డిగ్రీలు కిందకు దిగుతాయి. ఎక్కడో సముద్రం ఒడ్డున తీసిన వీడియోలో థర్మామీటర్ చూపించే అంకెను నమ్ముకుంటే మన పాకం కొంచెం ముదురుతుంది. గడియారాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో మాకు తెలుసు. రెండు వేళ్ళ మధ్య తీగ మాత్రం ఏ ఊళ్ళోనైనా ఒకటే. అవ్వ పద్ధతి మూఢనమ్మకం కాదు, కొలతే.

లెక్కల టీచరుకూ ఇందులో పని ఉంది. రెండు కప్పుల పాలపొడికి ముప్పావు కప్పు కోకో అయితే ఒకటిన్నర కప్పులకు ఎంత? పళ్ళెంలో అడ్డంగా ఆరు, నిలువుగా ఎనిమిది గాట్లు పెడితే ఎన్ని ముక్కలు? ఈ ప్రశ్నకు మా పిల్లలు వెంటనే నలభై ఎనిమిది అన్నారు. గాట్లు వేరు, వరసలు వేరు అని కత్తితో కోసి చూశాక తెలిసింది. ఆరు గాట్లకు ఏడు వరసలు, ఎనిమిది గాట్లకు తొమ్మిది. మొత్తం అరవై మూడు ముక్కలు. ఆ లెక్క వాళ్ళు ఇక మరిచిపోరు.

కోకో ఎక్కడి నుంచి వచ్చింది?

చాక్లెట్ అంటే విదేశీ వస్తువు అనుకుంటాం. మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా, నిజమే. కానీ ఇప్పుడు మన దేశంలో కోకో అన్నిటికంటే ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతర పంటగా వేస్తారు. మన కర్ణాటకలో దక్షిణ కన్నడ వక్క తోటల్లో పండుతుంది. అక్కడి రైతుల కోసం 1973లో మంగళూరులో క్యాంప్కో సహకార సంఘం ఏర్పడింది. ఆ సంఘమే 1986లో పుత్తూరులో చాక్లెట్ కర్మాగారం పెట్టింది. పిల్లలకు పటం మీద చూపించండి. ఒకటి మన భాష మాట్లాడే రైతు తోట, ఇంకొకటి మన రాష్ట్రంలోని రైతుల కర్మాగారం. బీదర్ పిల్లలకు రెండూ సొంతమే.

కోకో కాయ కొమ్మలకే కాదు, కాండానికి కూడా కాస్తుంది. లోపల తెల్లని తియ్యని గుజ్జులో గింజలుంటాయి. వాటిని కుప్పపోసి కప్పి ఐదారు రోజులు పులియబెడతారు, తరువాత ఎండబెడతారు, వేయిస్తారు, పొట్టు తీసి నూరుతారు. గింజలో దాదాపు సగం కొవ్వే కాబట్టి నూరితే పొడి కాదు, ముద్ద అవుతుంది. ఆ ముద్దను నొక్కి కొవ్వును తీసే యంత్రం 1828లో నెదర్లాండ్స్‌లో వచ్చింది. కొవ్వు పోగా మిగిలిన పిండిని పొడి చేస్తే అదే మన డబ్బాలోని కోకో. కొవ్వు చాలా వరకు తీసేశారు కాబట్టే మనం నెయ్యి కలుపుతున్నాం.

ఆ తీసిన కొవ్వు, కోకో వెన్న, మామూలు చలిలో గట్టిగా ఉండి 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే మంచి చాక్లెట్ చేతిలో ఉన్నంతసేపు నిలిచి నోట్లో పడగానే కరుగుతుంది. నెయ్యి అంతకంటే మెత్తన. మే నెలలో నలభై డిగ్రీల ఎండలో మన చాక్లెట్ పేరుకోదు. బీదర్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి, ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా పళ్ళెం తెల్లవారేసరికి పేరుకుని ఉంటుంది. ఈ సెలవులే దీనికి సరైన కాలం.

ఇంట్లో మీరు చేయాల్సింది

ఒక తల్లి మాతో అన్నది: "మా ఇంట్లో తెలుగు బాగా వచ్చింది మా అత్తమ్మకే. ఆమెకు చదువు రాదు. నాకు చదువు వచ్చు గానీ తెలుగు చదవలేదు. నేనెట్ల నేర్పాలి?" ఇలాంటి ఇళ్ళు మన బడుల్లో సగానికి పైగా ఉంటాయని మా అనుభవం. ఆ తల్లికి చెప్పిందే అందరికీ చెబుతున్నాం.

పాకం అత్తమ్మ పట్టాలి. ఆమె ఏం చేస్తోందో పైకి చెబుతూ చేయాలి. పిల్లలు వినాలి, తీగ వచ్చిందో లేదో వాళ్ళే చూసి చెప్పాలి. పని అయ్యాక అదే రాత్రి పిల్లలు అవ్వ పక్కన కూర్చుని చేసిన విధానం తెలుగులో రాయాలి, రాసింది అవ్వకు చదివి వినిపించాలి. ఆమె "అట్ల గాదు, ముందు జల్లెడ పట్టినం" అని దిద్దితే దిద్దాలి. అప్పుడు చదువు రాని అవ్వే ఆ వ్యాసానికి పరీక్షాధికారి. తల్లి ఆ పక్కన కూర్చుంటే చాలు, ఆమెకూ అక్షరాలు వస్తాయి.

షుగర్, మిక్స్ అన్న మాట వస్తే కసురుకోకండి. చాక్లెట్, కోకో, ఫ్రిజ్ మాటలకు తెలుగు వెతకాల్సిన పని లేదు, అవి మనవే అయిపోయాయి. మనకు మాట ఉండి కూడా వాడకుండా పోతున్న చోటే జాగ్రత్త పడాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. సెలవుల పని కింద పది పేజీలు చూసి రాయమని ఇవ్వకండి. ఇలాంటిది ఒక్కటి ఇవ్వండి. బడి తెరిచాక ఆ విధానాలను కలిపి కుడితే మీ బడి సొంత వంట పుస్తకం అవుతుంది. మేము ఈసారి అదే చేయబోతున్నాం.

సంక్రాంతికి కన్నడ ఇళ్ళలో ఎళ్ళు బెల్లం పంచుతూ మంచి మాట మాట్లాడమంటారు. మరాఠీ ఇళ్ళలో నువ్వుల ఉండ చేతిలో పెట్టి తియ్యగా మాట్లాడమంటారు. క్రిస్మస్‌కు మన క్రైస్తవ కుటుంబాలు పక్కింటికి కేకు పంపుతాయి. ఈసారి మీ పిల్లలతో నాలుగు చాక్లెట్ ముక్కలు పొరుగింటికి పంపండి. పంపే ముందు పల్లీలు, పాలు పడతాయో లేదో అడగమని చెప్పండి. అందులో తీగ పాకం ఉందని వాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పమనండి. తన మాట తెలిసిన పిల్లవాడే పొరుగువాడి మాటను కూడా మర్యాదగా పలకగలడు.

ఆ ఐదో తరగతి పిల్లవాడు ఇప్పుడు ఆరుకు వచ్చాడు. బడి వంటగదిలో అవ్వ పాకం పట్టిన రోజు అతనూ ఉన్నాడు. ఆ వారం మళ్ళీ రాయమంటే ఇలా రాశాడు: "అవ్వ పాకం పట్టింది. తీగ వచ్చినాక దించింది. నేను జల్లించిన పొడి పోసిన. గంటెతో కలియబెట్టినం. తెల్లారేసరికి పేరుకుంది." ఐదు వాక్యాలే. ఆరోది ఎందుకు రాయలేదని అడిగితే, "తినడం అయిపోయింది కదా సార్, దాని గురించి ఏం రాయాలి?" అన్నాడు. పూర్తి మార్కులు వేశాం.